కంచు పలుకు

హౌరా నుంచి చెన్నైకి పోయే ప్రధాన రైలుమార్గంలో, టెక్కలి పట్టణానికి చేరువగా నౌపడ జంక్షన్ ఉన్నది. బండి ఆ ప్రాంతానికి రాగానే తెల్లని కుప్పలు బారులు తీరి కనిపిస్తాయి. మొదటిసారి చూసేవారికి అవి ఏమిటో వెంటనే బోధపడదు. అవి ఉప్పు కుప్పలు. సముద్రజలాన్ని మళ్ళలోకి మళ్ళించి, ఎండకు ఇగిర్చి, పలుకులు కట్టిన తరవాత పోగుచేసిన పంట అది. ఇదే స్టేషను నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వైపు ఒక శాఖ చీలిపోతుంది. 1900లో పర్లాకిమిడి సంస్థానం కాలంలో చిన్న రైలుగా మొదలైన ఆ మార్గం పెద్ద మార్గంగా మారి, 2011లో మళ్ళీ బండ్లను చూసింది.

ఉప్పుకు వర్ణన అక్కరలేదు. తన ఉప్పు ఎంత ఉప్పగా ఉంటుందో చూడమని ఏ వర్తకుడూ సంతలో కేకవేయడు. తూకం వేయడం, సొమ్ము పుచ్చుకొనడం, అంతటితో బేరం ముగుస్తుంది. నౌపడలో పుట్టి పెరిగిన ఆడపిల్లకు అమ్మకం అంటే తెలిసినది ఇంతే. అటువంటి ఒక ఆడపిల్ల బుడితి గ్రామానికి కోడలుగా వెళ్ళింది. ఆమె భర్త కంచరి. అత్తవారింట చేసే వస్తువును కూడ తూకానికే అమ్మడం చూసి, ఆమెకు అందులో వింత ఏమీ తోచలేదు. అందులోని కష్టం తెలియడానికి చాలా ఏండ్లు పట్టింది.

నౌపడకు పడమరగా, సారవకోట మండలంలో ఉన్న గ్రామం బుడితి. ఇత్తడి, కంచు సామగ్రికి ఆ ఊరు పేరుపడింది. చెంబులు, వంటపాత్రలు, దీపాలు, గంటలు, పూలకుండీలు అక్కడి కొలిముల నుంచి వెలువడతాయి. పాత్రల మీద దిట్టమైన జ్యామితీయ రేఖలు ఆ పనితనానికి గుర్తు. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి. తగరం కలిస్తే కంచు. గంట పోయడానికి వాడే కంచులో నూటికి ఇంచుమించు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. తగరం చేరికవల్ల ధ్వని తేరుతుంది. కాని లోహం పెళుసవుతుంది. చేయి జారి బండమీద పడితే ఇత్తడి సొట్టపడుతుంది, కంచు పగులుతుంది. పగులు కంటికి కనిపించకపోయినా వేలితో మీటితే చెవికి తెలుస్తుంది. కంచరి తన వస్తువును పరీక్షించేది ముందు చెవితో, తరవాత కంటితో.

ఒకప్పుడు ఈ పనివారికి మాటకారితనంతో పని లేదు. పెండ్లి కుదిరిన ఇంటివారు తామే వచ్చేవారు. సారెలోకి బిందెలు, గంగాళం, చెంబులు, కంచాలు కావలసి ఉండేవి. కంచం అనే మాటలోనే కంచు ఉన్నది గదా! గుడికి గంట కావలసిన గ్రామపెద్దలూ ఇంటికే వచ్చి పురమాయించేవారు. పాత సామాను తూచి ఇచ్చి, కొత్త సామాను తూచి తీసుకొని, తరుగుకూ కూలికీ ఏదో ఒకటి ముట్టజెప్పేవారు. చేసినవారి తాతను కొన్నవారి తాత ఎరుగును. అక్కడ పరిచయమే ప్రచారం.

అల్యూమినియం వచ్చి వంటింటిలో ఒక మూల ఆక్రమించింది. స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చి మిగిలిన మూలలు ఆక్రమించింది. తోమనక్కరలేదు, కళాయి పెట్టించనక్కరలేదు, బరువూ తక్కువ. గృహిణులను తప్పుపట్టడానికి వీలులేదు. బావి నుంచి ఇత్తడి బిందెను చంకనెత్తుకొని వచ్చిన స్త్రీకి దాని సౌందర్యంకన్న బరువే ఎక్కువ జ్ఞాపకముంటుంది. కొనేవారు ఇంటికి రావడం మానివేసిన తరవాత, కంచరి వారిని వెదుక్కుంటూ ఊరు దాటవలసి వచ్చింది.

మొదట వెళ్ళినది తీర్థాలకు. శ్రీకాకుళం జిల్లాలో తిరునాళ్ళను తీర్థం అనే పిలుస్తారు. టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండలో నిలిచిన శివలింగం ఎండల మల్లికార్జునుడు. కార్తిక సోమవారాలలో అక్కడికి జనం తండోపతండాలుగా వస్తారు. శివరాత్రికి శ్రీముఖలింగం, రథసప్తమికి అరసవల్లి. తీర్థంలో కొనేవారికి ఏమి కావాలో ముందే తెలుసు. దీపపు ప్రమిద, హారతి పళ్ళెం, చిన్న గంట. "కిలో ఎంత?" అంటారు, చెబుతాడు, తూస్తాడు. అక్కడ కంచరి నోరు విప్పింది అంకెలు చెప్పడానికే.

తరవాత ఒక ఏడు, విశాఖపట్నంలో పది రోజుల హస్తకళల ప్రదర్శనకు అవకాశం వచ్చింది. వారి కుమారుడు అప్పటికి నౌపడలో అమ్మమ్మగారి ఇంట ఉండి, టెక్కలిలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. అతనిని చూసినట్లుంటుందని భార్యాభర్తలు సామానుతో నౌపడ చేరి, అక్కడ బండి ఎక్కారు. ఇత్తడి సామాను మోయడం అంటే సామాన్యం కాదు. పాత చీరలు చుట్టి, మధ్యమధ్య ఎండుగడ్డి దోపి, గోనెసంచులలో కుట్టినవి ఐదు మూటలు. కుమారుడు స్టేషనుకు వచ్చి మూటలు ఎక్కించాడు. ప్లాట్‌ఫారం మీద తన తరగతి మిత్రుడు ఎదురై "ఏటిరా ఇవి?" అని అడిగితే, "మా ఇంటి సామాన్లు" అని చెప్పి తప్పుకొన్నాడు. ఆ మాట తల్లి విన్నది. తండ్రి విన్నాడో లేదో తెలియదు.

ప్రదర్శనలో వారికి ఆరడుగుల బల్ల, దానిమీద పరచడానికి తెల్లని గుడ్డ ఇచ్చారు. కంచరి సామానంతా బల్లమీద బారులుగా పేర్చాడు. చిన్నవి ముందు, పెద్దవి వెనుక, సంతలో పేర్చినట్లే. పేర్చి, వెనుక కుర్చీలో కూర్చున్నాడు. జనం వచ్చారు, చూశారు, నడిచారు. ఆగినవారు అడిగిన మొదటి ప్రశ్న తీర్థంలో విన్నదే.

"కిలో ఎంతకిస్తావు బాబూ?"

ఆయన చెప్పాడు. వచ్చినవారు చేతిలోని గంటను అటూ ఇటూ తిప్పి, బజారులో పళ్ళెం కిలో ఇంత తక్కువకే వస్తున్నదని చెప్పి, దానిని బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. మొదటి రోజు సాయంకాలానికి మూడు ప్రమిదలు అమ్ముడుపోయాయి. బండి కిరాయి కూడ రాలేదు.

ఈ తూకపు లెక్కలో ఉన్న అన్యాయం ఏమిటో ఒకసారి చూడాలి. లెక్క కోసం కిలో లోహం వెయ్యి రూపాయలనుకొంటే, అరకిలో గంటలో ఐదువందల రూపాయల లోహం ఉన్నది. దానికి మూస కట్టిన పూట, కొలిమి మండిన బొగ్గు, పోత చల్లారిన తరవాత ఆకురాయి పట్టి నున్నచేసిన పూట, నాలుక అమర్చి ధ్వని సరిచూసిన గడియ తోడవుతాయి. పది పోతలలో ఒకటి బుడగ పట్టి పనికిరాకపోతే తిరిగి కరిగించవలసిందే. లోహం తిరిగి వస్తుంది. పోయిన పూట తిరిగి రాదు. తక్కెడకు లోహం మాత్రమే కనిపిస్తుంది. ఆ పూటలు తక్కెడలో పడవు. యంత్రం నిమిషానికి ఒకటిగా ఒత్తిన పళ్ళేన్నీ, చేతితో పోసిన గంటనూ ఒకే తక్కెడలో పెట్టిన తరవాత, చేతికి గెలుపు ఎక్కడిది?

ఉప్పును తూకానికి అమ్మడం న్యాయమే. ఒక పలుకుకూ మరొక పలుకుకూ భేదం లేదు. గంట సంగతి వేరు. ఆ రాత్రి బసలో ఆ మాట మొదట అన్నది నౌపడ ఆడపడుచే. "మనం దీన్ని ఉప్పులా అమ్ముతున్నామండీ" అన్నది. ఆయన ఏమీ అనలేదు. కొంతసేపటికి, "నాకు మాటలు రావు గదా" అన్నాడు.

నిజానికి ఆయన సంకోచం మాటలు రాకపోవడం ఒక్కటే కాదు. తన పనిని తానే పొగుడుకొనడం తగదన్న పెంపకం అది. తెలుగువాడు బడిలో చేరిన కొత్తలోనే వేమన్న పద్యం నేర్చుకొంటాడు. అందులో కంచు అల్పుని ఆడంబరానికి ఉపమానమై కూర్చున్నది, బంగారం సజ్జనునికి. కంచు పోసి బ్రతికేవారికి ఆ పద్యం వినడానికి ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. పక్క అంగడిలోని వ్యాపారి మాత్రం తన సరుకును ఆకాశానికెత్తుతూ ఉదయం నుంచి రాత్రి దాకా కేకలు వేశాడు. జనం ఆ కేకలకు ఆగారు గాని, కేకలు విన్నంత తేలికగానే నడిచిపోయారు కూడ.

మూడవ రోజు ఒక చిన్న సంఘటన జరిగింది. అయిదారేండ్ల బాలిక తల్లి చేయి విడిపించుకొని వచ్చి, బల్ల చివర ఉన్న కంచుగంటను రెండు చేతులా ఎత్తి ఊపింది. తల్లి కంగారుపడి, "పెట్టెయ్, పగులుతుంది" అని కోప్పడింది. గంట మోగడం ఆగింది గాని ధ్వని ఆగలేదు. అది పలుచనవుతూ, సన్నగిలుతూ, అంగళ్ళ రొద అడుగున ఇంకా వినిపిస్తూనే ఉన్నది. నడిచిపోతున్న నలుగురు వెనుదిరిగి చూశారు. ఆ తల్లి కూడ కోపం మరచి, ధ్వని పూర్తిగా అణగేదాకా నిలబడి, "ఇదేమిటి, ఇంతసేపు మోగుతున్నది?" అని అడిగింది.

తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీర దేశంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రచించాడు. కావ్యంలో మాటకున్న నేరైన అర్థం తెలిసిన తరవాత, దాని వెంట క్రమంగా స్ఫురించే మరొక అర్థాన్ని ఆయన అనురణనంతో పోల్చాడు. గంట మోగిన పిమ్మట నిలిచే మ్రోత అనురణనం. అలంకారశాస్త్రం చదివిన విద్యార్థులకు ఈ మాట ఒక పారిభాషిక పదం. పరీక్షలో రాసి మరచిపోతారు. దాని అసలు చోటు కంచరి బల్లమీద ఉన్నది. మొదటి మ్రోత అందరికీ వినిపిస్తుంది. గంట మంచిదో కాదో చెప్పేది తరవాతి మ్రోత. వేమన్న గంట ధ్వనిలో మొదటి భాగాన్ని విన్నాడు. ఆనందవర్ధనుడు రెండవ భాగాన్ని విన్నాడు. ఇద్దరూ సరిగానే విన్నారు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న "కిలో ఎంత?" కాదు. కంచరికి మాట అప్పుడు వచ్చింది. తగరం పాలు ఎంతో, అంచు మందం ఎంతో, అంచు పలుచన చేస్తే మోత ఎందుకు తొందరగా చస్తుందో చెప్పాడు. చెబుతూ మరొక గంట తీసి మీటి చూపించాడు. ఆమె రెండింటినీ మార్చి మార్చి విని, మొదటిదే తీసుకొన్నది. తూకం అడగలేదు.

మరునాడు ఉదయం బల్ల రూపు మారింది. బారులు పోయాయి. పాత గోనెసంచి చుట్టిన పెట్టెమీద ఒక దీపం ఎత్తుగా నిలిచింది. ముందు వరసలో, పిల్లల చేతికి అందేటట్లు, మూడు గంటలు. వాటి ప్రక్కన ఎవరూ కొననిది ఒకటి పెట్టారు: మూస పగలగొట్టి తీసి, ఇంకా ఆకురాయి తగలని గరుకు పోత. నల్లగా, అంచుల వెంట లోహపు తోకలతో వికారంగా ఉన్నదది. దారిలో చుట్టుకోవడానికి పనికివస్తుందని మూటలో వేసిన వస్తువు కాదు. ఇంటి దగ్గర పూర్తిచేయడానికి వ్యవధి లేక, తప్పనిసరై తెచ్చినది. దానినీ, మెరిసే గంటనూ పక్కపక్కన చూసినవారు తమంతట తామే "ఇది అది ఎలా అయింది?" అని అడగడం మొదలుపెట్టారు. వేయి మాటలలో చెప్పవలసిన పనితనం ఆ రెండు వస్తువుల నడుమ ఉన్న జానెడు ఖాళీలో కనిపించింది.

ఈ సూక్ష్మం ఎదురు అంగడిలో ఉన్న పొందూరు స్త్రీకి ముందే తెలుసు. పొందూరు సన్నఖాదీకి దూదిని శుభ్రం చేయడంలో వాలుగ చేప దవడను వాడతారు. సన్నని పళ్ళున్న ఆ దవడతో గింజపత్తిని దువ్వితే, నలకలు పోయి పోగులు సాపు అవుతాయి. గాంధీమహాత్ముని మెప్పు పొందిన వస్త్రం అది. ఆమె చీరలను పొగడలేదు. చేప దవడ చేతబట్టి దూది దువ్వుతూ కూర్చున్నది. చేపకూ చీరకూ సంబంధమేమిటో తెలుసుకోకుండా ముందుకు నడిచిపోగలవారు అరుదు. "కొలిమి ఇక్కడికి తెచ్చుకోలేవు గదా తమ్ముడూ, గంట తెచ్చుకొన్నావు, అది చాలు" అని ఆమె కంచరితో అన్నది.

ప్రశ్నలు అడిగేవారు పెరిగినకొద్దీ కొత్త చిక్కులు కూడ వచ్చాయి. ఒక పెద్దావిడ ఇత్తడి గిన్నెను ముచ్చటపడి చేతిలోకి తీసుకొని, "దీనిలో చారు కాయవచ్చునా?" అని అడిగింది. అవునంటే గిన్నె అమ్ముడుపోతుంది. ఆ గిన్నెకు లోపల కళాయి లేదు. కళాయి లేని ఇత్తడిలో పులుపు కాచితే లోహం పులుపులోకి దిగుతుంది. తిన్నవారికి వికారం కలుగుతుంది. కంచరి ఒక క్షణం ఆగి, "కాయకూడదమ్మా. కళాయి పెట్టించాక కాయండి. పూలు పెట్టుకుంటారా, ఇలాగే తీసుకోండి" అన్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆయన భార్యకు ప్రాణం ఉసూరుమన్నది. ఆనాటికి అదే పెద్ద బేరం.

అమ్మకం పనిలో ఆరితేరినవారు ఇటువంటి చోట నిజం చెప్పడాన్ని చాదస్తం అంటారు. ఆ మాట కొంతవరకు ఒప్పుకోవలసినదే. పది రోజులలో మూటలు విప్పి, డబ్బుతో ఇంటికి పోవలసినవాడికి ధర్మసూక్ష్మాలు ఖరీదైనవి. అయినా చేతిపనివాడికీ దుకాణదారుడికీ ఒక భేదం ఉన్నది. దుకాణదారుడు సరుకు మార్చగలడు. కంచరి తన ఊరిని మార్చలేడు. గిన్నెలో చారు విరిగిన ఇంటివారు "బుడితి సామాను ఇంతే" అంటారు. ఆ నింద ఆయన పొరుగు కొలిమి మీద కూడ పడుతుంది. ఊరి పేరుకు ఇప్పుడు చట్టం దృష్టిలో కూడ విలువ ఉన్నది. 1999లో చేసి, 2003 సెప్టెంబరు నుంచి అమలుచేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం కింద బుడితి లోహపు పని నమోదయింది. నమోదు పత్రం ఊరికి హక్కునిస్తుంది. మంచిపేరు మాత్రం ఎవరి బల్ల దగ్గర వారే సంపాదించాలి.

శనివారం కుమారుడు వచ్చాడు. కళాశాలకు సెలవు. వచ్చి బల్ల వెనుక నిలబడక, కొంచెం ఎడంగా, తానూ ఒక సందర్శకుడే అన్నట్లు నిలబడ్డాడు. తల్లి చూసి ఊరుకొన్నది. మధ్యాహ్నం జనం ఎక్కువయ్యారు. తండ్రి ఒకరితో మాట్లాడుతుండగా, కళ్ళజోడు పెట్టుకొన్న ఒక ఉద్యోగి గరుకు పోతను చూపి, ఎవరినో అడిగినట్లు, "దీనిలోపల బోలుగా ఎలా వస్తుంది?" అన్నాడు. సమాధానం చెప్పేవారు లేరు. కుమారుడు ముందుకు వచ్చి, మైనంతో రూపం చేస్తారనీ, దానిపైన మట్టి మెత్తుతారనీ, కాల్చితే మైనం కరిగిపోతుందనీ, ఆ ఖాళీలోకి లోహం పోస్తారనీ చెప్పాడు. పూర్వపు శిల్పశాస్త్రాలలో మధూచ్ఛిష్ట విధానమని పేరుపొందిన ఈ పద్ధతిని అతడు చిన్ననాట వాకిట కూర్చొని చూసినవాడే. "అయితే లోపల ఖాళీ ఎలా మిగులుతుంది? లోహం మొత్తం నిండిపోవాలి గదా?" అని ఆయన మళ్ళీ అడిగాడు. కుమారుడికి తెలియలేదు. పదిహేడేండ్లు ఆ ఇంట పెరిగి, ఆ ఒక్క మెట్టు అతడు ఎన్నడూ గమనించలేదు. తండ్రి పక్కనుంచి అందుకొన్నాడు. "లోపల ముందు మట్టిగుండు చేస్తామండి. దాని మీద మైనం. మైనం మందమే గంట మందం." ఉద్యోగి తల ఊపాడు. కుమారుడు కూడ ఊపాడు. అప్పటినుంచి అతడు బల్ల వెనుకనే ఉన్నాడు.

అతడు చేసిన పనులు చిన్నవే. అట్టముక్కలమీద ధరలు రాసి ఒక్కొక్క వస్తువు దగ్గర పెట్టాడు. ధర అడగడానికి మొగమాటపడి వెళ్ళిపోయేవారు ఎందరో ఉంటారని తల్లిదండ్రులకు అంతవరకు తోచలేదు. ఏ వస్తువుకు కళాయి కావాలో అదే అట్టమీద రాశాడు. ఫోనుతో డబ్బు చెల్లించే గుర్తు గల కాగితాన్ని దీపం పక్కన నిలబెట్టాడు. ఒక పుస్తకంలో గీతలు గీసి, పేరు, ఊరు, ఏమి కొన్నారు అని రాయడం మొదలుపెట్టాడు. తల్లి అందులో నాలుగవ గడి గీయమన్నది: ఏమి అడిగి కొనకుండా వెళ్ళారు. ఆ గడి తొందరగా నిండింది.

ఆదివారం సాయంకాలం ఒక వ్యాపారి వచ్చాడు. పెండ్లిళ్ళలో, సభలలో అతిథులకు ఇచ్చే కానుకలను సమకూర్చడం ఆయన వృత్తి. గంటను మోగించి చూసి, రెండువందల గంటలు కావాలన్నాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. అయితే ధర సగానికి రావాలి. అందుకు లోహం తగ్గించి, అంచు పలుచన చేస్తే సరిపోతుందని ఆయనే ఉపాయం చెప్పాడు. "పెట్టెలో పెట్టి ఇచ్చేవి. ఎవరు మోగిస్తారు?" అన్నాడు. పెట్టెమీద మాత్రం బుడితి పేరు అచ్చువేయిస్తానని కూడ అన్నాడు.

కుమారుడు కాగితం తీసి లెక్కవేశాడు. నాలుగు నెలల రాబడి ఒక్కసారిగా వస్తుంది. ఒప్పుకోమని కళ్ళతోనే చెప్పాడు. తండ్రి బల్లమీద ఉన్న గంటను తీసి చేతిలో పెట్టుకొన్నాడు గాని మోగించలేదు. చివరకు మాట్లాడింది ఆమె. "పలుచనగా కావాలంటే పోసిస్తాం బాబూ. వాటి మీద ఊరి పేరు మాత్రం వెయ్యొద్దు" అన్నది. వ్యాపారి నవ్వి, "పేరు లేకపోతే ఇక్కడికెందుకమ్మా రావడం? ఎక్కడైనా దొరుకుతాయి" అన్నాడు. ఆలోచించుకోమని చిరునామా కార్డు ఇచ్చి వెళ్ళాడు.

అటువంటి సందర్భంలో ఏది సరియైన నిర్ణయమో చెప్పడం బయటివారికి సులభం. కొలిమి చల్లారితే పేరు కూడ చల్లారుతుందని ఒకరు అనవచ్చు. పేరు అమ్ముకొన్న తరవాత కొలిమి ఎందుకని మరొకరు అనవచ్చు. 1987 నుంచి హర్యానాలోని సూరజ్‌కుండ్‌లో ఏటా జరుగుతున్న మేళా, 1994లో ఢిల్లీలో వెలసిన దిల్లీ హాట్ వంటి వేదికలు చేతిపనివారినీ కొనేవారినీ ముఖాముఖి కలపడానికి ఏర్పడినవే. మధ్యవర్తి లేకపోతే పనివాడికి న్యాయమైన ధర వస్తుందన్నది వాటి ఆశయం. దిల్లీ హాట్‌లో పదిహేను రోజులకొకసారి అంగళ్ళు చేతులు మారుతాయి. ఈ పద్ధతివల్ల ఎక్కువమందికి అవకాశం దొరుకుతుంది. అలవాటుపడిన కొనుగోలుదారు మరుసటి నెల వచ్చేసరికి ఆ పనివాడు అక్కడ ఉండడు. ముఖాముఖి కలిపిన వేదిక ముఖపరిచయాన్ని నిలపలేకపోతున్నది. అందుకే నాలుగు గళ్ళ పుస్తకం వంటివి ఆ వేదికలకన్న ఎక్కువ కాలం ఉపయోగపడతాయి.

చివరి రోజు మధ్యాహ్నం, చారు గురించి అడిగిన పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. "కాయకూడదని చెప్పినది ఈయనే" అని కోడలికి చూపించింది. గిన్నె తీసుకొన్నది. కళాయి ఎక్కడ పెడతారని అడిగింది. విశాఖపట్నంలో ఇప్పుడు కళాయి పెట్టేవారు ఎక్కడున్నారో కంచరికి తెలియదు. వచ్చే ఏడు తెస్తే తానే పెట్టి ఇస్తానన్నాడు. కుమారుడు పుస్తకంలో ఆమె పేరు ఎదుట 'కళాయి' అని రాసుకొన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఐదు మూటలు రెండయ్యాయి. మిగిలినవాటిలో వచ్చే తీర్థానికి పనికివచ్చేవి కొన్ని. మళ్ళీ మూసలోకి పోవలసినవి కొన్ని. బండిలో దీపాలు ఆర్పిన తరవాత తల్లి పుస్తకంలోని నాలుగవ గడిని ఫోను వెలుతురులో చదివింది. పదకొండుమంది పూజగంట కాక, తలుపుకు తగిలించే చిన్న గంట అడిగారు. అది బుడితిలో ఎవరూ పోయరు. వ్యాపారి ఇచ్చిన కార్డు అదే పుట మధ్యలో ఉన్నది. ఆమె దానిని తీసివేయలేదు, బయట పెట్టలేదు, పుస్తకం మూసింది.

తెల్లవారుతుండగా బండి నౌపడలో ఆగింది. ఉప్పు కుప్పలమీద అప్పుడే వెలుగు పడుతున్నది. కుమారుడు మూటలు దింపుతుండగా ఒకదానిలో గంట కదిలి మోగింది. టెక్కలి కళాశాలకు పోయే మిత్రులు ఇద్దరు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. "ఏటిరా అది?" అన్నాడు వారిలో ఒకడు. కుమారుడు మూట నేలమీద పెట్టి, ముడి విప్పి, గంటను బయటికి తీసి వాడి చేతికిచ్చాడు. తండ్రి రెండవ మూట భుజానికెత్తుకొంటూ, "జాగ్రత్త, కింద పడితే పగులుతుంది" అన్నాడు.